గొడుగు ఎవరు పట్టాలి?

మా పడకగదిలో మంచం కింద ఒక ట్రంకుపెట్టె ఉంది. దాని తాళంచెవి మావారి మొలతాడుకు వేలాడుతూ ఉంటుంది. అందులో నా నగలున్నాయని అనుకునేరు సుమండీ! మా ఊరి గానసభ రసీదు పుస్తకాలు, మినిట్సు పుస్తకాలు, ఒక పాత శ్రుతిపెట్టె, విద్వాంసులకు కప్పగా మిగిలిపోయిన రెండు శాలువాలు మాత్రం ఉన్నాయి. ముప్ఫయ్యొక్క సంవత్సరాలుగా ఆ సభకు మావారే కార్యదర్శి. నేను పేరులేని ఉపకార్యదర్శిని. వచ్చిన విద్వాంసుడికి వేణ్ణీళ్లు, పక్కవాద్యాలవారికి ఉప్మా, కచేరీ ముగిశాక అందరికీ మజ్జిగన్నం - ఇదీ నా శాఖ.

మొన్న మాఘమాసంలో ఆ పెట్టె పూర్తిగా విప్పవలసి వచ్చింది. కచేరీలు జరిగే హాలు యజమాని, ఇకమీదట హాలును పెళ్లిళ్లకే ఇస్తానని కబురు చేశాడు. ఆయన్ని తప్పు పట్టడానికీ లేదు. ఒక్క పెళ్లికి వచ్చే అద్దె, మేము ఏడాదంతా కట్టే అద్దెకన్న ఎక్కువ. ఇక సభ్యులా? ఒకప్పుడు రెండువందల పైచిలుకు ఉండేవారు. ఇప్పుడు ఇరవైముగ్గురు. వారిలోనూ నలుగురు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి కూర్చున్నారు.

"ఇంక మూసేద్దామోయ్" అన్నారు మావారు, లెక్కల పుస్తకం ఒళ్లో పెట్టుకుని.

ముప్ఫయ్యొక్క ఏళ్లలో ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఏమని జవాబు చెప్పను? ఊరికే కూర్చోలేక, నిరుడు వేసవిలో నేను చూసి వచ్చిన ఒక రసీదు సంగతి ఎత్తాను. ఆ సంగతే ఈ వారం మీకూ చెబుతాను.

మా అమ్మాయీ అల్లుడూ జర్మనీ దేశంలో బాన్ అనే ఊళ్లో ఉంటున్నారు. రైన్ నది ఒడ్డున ముచ్చటైన ఊరు. మా మనవరాలికి పదేళ్లు. ప్రతి సోమవారం సాయంత్రం అక్కడి పిల్లల గానబృందానికి వెళుతుంది. ముప్ఫయిమంది పిల్లలు వరుసలు కట్టి నిలబడి, ఒకరు పై స్థాయి, ఒకరు కింది స్థాయి పాడుతూ ఉంటే, ఎవరి గొంతు ఎవరిదో తెలియదు. మనకు ఒక్క గొంతు, ఒక్క తంబూరా అలవాటు గదా, మొదట్లో నాకు చెవికి ఎక్కలేదు. నాలుగు వారాలు విన్నాక, రాకపోతే తోచకుండా అయింది.

ఒకనాడు మా అమ్మాయి ఆ బృందానికి ఏడాది చందా కడుతోంది. రసీదు చూసి, "ఇంత డబ్బూ ఆ పంతులమ్మగారికేనా?" అని అడిగాను.

"కాదమ్మా. ఇందులో కొంత పైవాళ్లకు పోతుంది" అంది.

పైవాళ్లంటే నాకు తెలిసిన అర్థం ఒకటే. "అక్కడ కూడా పైవాళ్లకు ఇచ్చుకోవాలా తల్లీ!" అన్నాను. అది పడి పడి నవ్వింది.

సంగతేమిటంటే, ఊళ్లోని ఒక్కొక్క గానబృందం ఆ ప్రాంతపు సంఘంలో సభ్యురాలు. ప్రాంతాల సంఘాలు కలిసి దేశానికంతటికీ ఒక సంఘం. జర్మనీలో గాయకబృందాలు అలా ఒకటైంది నిన్నా మొన్నా కాదు, 1862లో కోబుర్గ్ అనే ఊళ్లో. ఇలాటి దేశదేశాల సంఘాలు చేరి యూరప్ ఖండానికంతకూ కలిపి యూరోపియన్ కోరల్ అసోసియేషన్. దాని కార్యాలయం మా అమ్మాయి ఉండే బాన్‌లోనే ఉంది. గానబృందాలకు ఇది ఉన్నట్టే, సంగీత కళాశాలలకు 1953 నుంచి ఒకటి, పిల్లలకు వాద్యాలు నేర్పే సంగీత పాఠశాలలకు 1973 నుంచి ఒకటి, జాజ్ సంగీతానికి ఒకటి, ప్రాచీన సంగీతానికి ఒకటి, పాటలు కట్టేవారికి ఒకటి. ఇలాటివాటిని ఒకచోట కూర్చోబెట్టేది యూరోపియన్ మ్యూజిక్ కౌన్సిల్. అది 1972లో ఏర్పడింది. దానికీ పైన, ప్రపంచానికంతకూ అంతర్జాతీయ సంగీత మండలి. యునెస్కో కోరిక మీద 1949లో పుట్టింది. అది ప్యారిస్‌లో ఉంది.

మా మనవరాలి చందాలో నాలుగు కాసులు ఇన్ని మెట్లెక్కుతాయంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. "మన ఊళ్లో దేవుడి హుండీకి కూడా ఇన్ని గదులు లేవే!" అన్నాను.

ఇలా సంఘాల మీద కప్పే సంఘాన్ని ఇంగ్లీషువాళ్లు గొడుగు సంఘం అంటారు. జర్మన్లు గొడుగు అనరట. 'డాఖ్‌ఫెర్బాండ్' అంటారట. డాఖ్ అంటే ఇంటికప్పు. గొడుగైనా, కప్పైనా, తల తడవకుండా ఉండడానికే గదా? అయితే ఏ వానకు తడవకుండా? పాడేవాడికి గొంతు ఉంటే చాలదా, వినేవాడికి చెవి ఉంటే చాలదా, మధ్యన ఈ కార్యదర్శులూ, కోశాధికారులూ దేనికి? కార్యదర్శిగారి భార్యనై ఉండి కూడా నాకీ అనుమానం వచ్చింది.

మా అల్లుడు నాకన్న పెద్ద అనుమానాలరాయుడు. "అత్తయ్యగారూ, వాళ్లు చేసేది సమావేశాలు. ఒక సమావేశం తర్వాత ఏం చేస్తారంటే, తర్వాతి సమావేశానికి తారీఖు పెడతారు" అన్నాడు. మా అమ్మాయికి కోపం వచ్చింది. ఆ కోపంలో అది చెప్పిన నాలుగు సంగతులు నా బుర్రలో నాటుకుపోయాయి. ఒక్కొక్కటే చెబుతాను.

మొదటిది చిన్నది. అక్కడ ఎవరి పాటనైనా సభలో పాడితే, ఆ పాట కట్టినవారికి రుసుము చెల్లించాలి. దాన్ని వసూలు చేయడానికి పెద్ద సంస్థ ఉంది. ముప్ఫయిమంది పిల్లల బృందం వెళ్లి ఆ సంస్థతో బేరమాడగలదా? వేలకొద్దీ బృందాల తరఫున సంఘం ఒక్కటే కూర్చుని ఒప్పందం చేసుకుంటుంది. సభ్యులైన బృందాలకు అందులో రాయితీ దొరుకుతుంది. పాట కట్టినవాడికి న్యాయం జరుగుతుంది, పాడే పిల్లల మీద బరువూ తగ్గుతుంది. మనింట్లో బియ్యం ఒక్కొక్క కిలో కొంటే ఒక ధర, పదిళ్లవాళ్లం కలిసి బస్తాలు దింపుకుంటే ఇంకో ధర. అదే లెక్క.

రెండోది పెద్దది. కరోనా వచ్చిన 2020 మార్చి నెల. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక గానబృందం 10వ తేదీ సాయంత్రం సాధనకు కూడింది. వచ్చినవారు 61 మంది. వారిలో 53 మందికి జబ్బు చేసింది. ఇద్దరు పోయారు. ఆ వార్తతో లోకంలోని గానబృందాలన్నీ నోళ్లు మూసుకున్నాయి. పాట పాడటమే ప్రమాదమైపోయింది! యూరప్‌లో గానబృందాలలో పాడేవారు సుమారు 3 కోట్ల 70 లక్షలమంది అని 2015లో ఒక అంచనా వేశారు. అందులో ఎక్కువమంది ఉద్యోగాలూ సద్యోగాలూ చేసుకుంటూ సరదాకు పాడేవాళ్లే. వాళ్లందరూ ఒక్కసారిగా ఇళ్లలో కూలబడ్డారు. పంతులమ్మలకు జీతాలు లేవు.

మళ్లీ ఎప్పుడు పాడవచ్చు? ఎంత దూరంలో నిలబడాలి? ఇది ఊళ్లో పంతులమ్మకు తెలిసే సంగతి కాదు. మ్యూనిక్, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయాల వైద్యులు, బవేరియా రేడియో గాయకులను ఒక్కొక్కరినే నిలబెట్టి పాడించి, నోటి నుంచి తుంపరలు ఎంత దూరం పోతాయో కొలిచారు. ముందువైపు 2 నుంచి 2.5 మీటర్లు, పక్కకు 1.5 మీటర్లు ఎడం ఉంటే మంచిదన్నారు. గదిలోకి గాలి ఆడుతూ ఉండాలన్నారు. ఇలాటి సంగతులను పోగుచేసి, భాషల్లోకి మార్చి, ఊరూరి బృందాలకు అందించే పని సంఘాలు చేశాయి. పాడేవారి గోడు ప్రభుత్వాలకు వినిపించే పనీ చేశాయి. మా మనవరాలి బృందంలో ఆ రోజుల్లో ఉన్న పిల్లలు కార్లు నిలిపే ఆవరణలో, చలిలో, టోపీలు పెట్టుకుని, చేతులు చాచినంత ఎడంగా నిలబడి పాడారట. "ఒకరి గొంతు ఒకరికి వినపడేది కాదండీ. అయినా మానలేదు" అని ఆ పంతులమ్మగారు మా అమ్మాయితో చెప్పిందట.

మూడోది చెట్టు సంగతి. మనవాళ్లు రోజ్‌వుడ్ అంటామే, ఆ జాతి కలప. గిటారు మెడమీద పలక, వయొలిన్ బిరడాలు - ఇలాటివి ఎన్నో దానితో చేస్తారు. అడవులు కొట్టుకుపోతున్నాయని, 2016లో జోహన్నెస్‌బర్గ్‌లో దేశాలన్నీ కూడి, ఆ జాతి చెట్లన్నింటి మీదా ఆంక్ష పెట్టాయి. 2017 జనవరి 2 నుంచి అది అమలులోకి వచ్చింది. ఆంక్ష మంచిదే. ఓడలకు ఓడలు దుంగలు ఎత్తుకుపోయే వారిని ఆపవద్దూ? కానీ ఆ వలలో తిమింగలంతో పాటు చిన్న చేపలూ పడ్డాయి. గిటారు తయారు చేసి పై దేశానికి పంపే చిన్న వడ్రంగి కూడా, ఒక్కొక్క వాద్యానికీ అనుమతి కాగితాలు తెచ్చుకోవలసి వచ్చింది. మన దేశం నుంచి కలపా, వాద్యాలూ ఎగుమతి చేసేవారు కూడా ఇబ్బంది పడ్డారు.

అప్పుడు వాద్యాలు చేసేవారి సంఘాలు, వాయించేవారి సంఘాలు, ఆర్కెస్ట్రాల సంఘాలు - సముద్రానికి ఇవతలివీ అవతలివీ - ఒక్కమాట మీద నిలబడ్డాయి. "చెట్టును కాపాడండి, మేమూ మీతోనే. కానీ తయారైన వాద్యం అడవిని కొట్టే గొడ్డలి కాదు" అన్నాయి. రెండున్నరేళ్లు పట్టింది. 2019 ఆగస్టులో జెనీవాలో కూడినప్పుడు, తయారైన వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. ఏ ఒక్క గిటారు వడ్రంగి వెళ్లి జెనీవాలో తలుపు తట్టినా, ద్వారపాలకుడు లోపలికి రానిచ్చేవాడా చెప్పండి?

నాలుగోది విన్నప్పుడు మావారి ముఖం నా కళ్లముందు ఆడింది. యూరప్ దేశాల కుర్రవాళ్లందరినీ ఏరి కూర్చిన పెద్ద వాద్యబృందం ఒకటి ఉంది - యూరోపియన్ యూనియన్ యూత్ ఆర్కెస్ట్రా. 1976లో తలపెట్టారు. 1978లో మొదటి పర్యటన. మొదటి సంగీత దర్శకుడు క్లాడియో అబాడో అంతటివాడు. అటువంటి బృందం నలభై ఏళ్లు నడిచాక, 2016 మే నెలలో ఒక ప్రకటన చేసింది: నిధులు ఆగిపోయినవి గనుక సెప్టెంబరు 1తో మూసివేస్తున్నాము. కారణం? డబ్బిచ్చే పద్ధతి 2014లో మారింది. కొత్త అర్జీ పత్రంలోని గళ్లలో ఈ బృందం ఇమడలేదు. అంతే!

ఆ ప్రకటన వినగానే పూర్వ విద్యార్థులు, పేరుమోసిన సంగీత దర్శకులు, దేశదేశాల సంగీత సంస్థలు గొంతెత్తాయి. మూడు వారాలు తిరక్కుండానే, జూన్ 1న, పై అధికారులు దిగివచ్చి డబ్బిస్తామన్నారు. కష్టం ఒక్కరిదే అయి ఉంటే, ఆ మూడు వారాల్లో సంతాప సభ జరిగి ఉండేది.

ఇదంతా విన్నాక నేను అల్లుడి వంక చూశాను. "మీరనేది కూడా నిజమేలే నాయనా" అన్నాను. అనకేం? అల్లుడు గదా. కానీ అతని మాటలోనూ నిజం లేకపోలేదు. కప్పు వేసినంతమాత్రాన ఇంట్లో వంట కాదు. 2001లో ఆ అంతర్జాతీయ మండలివారు అయిదు సంగీత హక్కులని ప్రకటించారు. పిల్లలకూ పెద్దలకూ స్వేచ్ఛగా పాడుకునే హక్కు, సంగీతం నేర్చుకునే హక్కు, వినడానికీ పాల్గొనడానికీ అవకాశం పొందే హక్కు. కళాకారులకు తమ విద్యను పెంచుకుని లోకానికి వినిపించుకునే హక్కు, తమ పనికి తగిన గుర్తింపూ ప్రతిఫలమూ పొందే హక్కు. ఎంత చక్కటి మాటలు! గోడకు తగిలించుకోవచ్చు. కానీ గోడకు తగిలించిన కాగితం మేళగాడికి రైలుఛార్జీ ఇవ్వదు. వీటిని పట్టుకుని ప్రతి ఏటా, ప్రతి బడ్జెట్టుకూ, ఎవరో ఒకరు వెళ్లి అడుగుతూ ఉండాలి. ఆ అడిగే పని విసుగుపుట్టించే పని. దానికి చప్పట్లు కొట్టేవారుండరు.

అంత గొడుగూ ఉండి, వాన పక్కకు కొట్టిన సందర్భాలూ ఉన్నాయి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌ను వదిలి వెళ్లిపోయాక, అక్కడి సంగీతకారులు ఖండంలోకి వచ్చి కచేరీలు చేయాలంటే, దేశానికొక నిబంధన, వాద్యాలకు కాగితాలు, 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండరాదన్న లెక్క. ఇందాక చెప్పిన యూత్ ఆర్కెస్ట్రా పుట్టింది లండన్‌లోనే. అది ఇటలీకి తరలిపోయింది. బ్రిటిష్ కుర్రవాళ్లకు అందులో చోటు లేకుండా పోయింది. సంఘాలు ఎంత మొత్తుకున్నా, రాజకీయాల గాలివాన ముందు గొడుగు గొడుగే.

అయినా ఈ గొడుగు పట్టినవారిలో మహానుభావులున్నారు. వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ పేరు వినే ఉంటారు. 1952లో నెహ్రూగారి పిలుపు మీద మన దేశం వచ్చి, కరువు బాధితుల సహాయార్థం కచేరీలు చేసిన పుణ్యాత్ముడు. ఆయన 1969 నుంచి 1975 దాకా ఆ అంతర్జాతీయ మండలికి అధ్యక్షుడు. 1971లో మాస్కోలో మండలి మహాసభ జరిగితే, అధ్యక్ష స్థానంలో నిలబడి, అక్కడి ప్రభుత్వం నోరు నొక్కిన రచయిత సోల్జెనిత్సిన్ పేరెత్తి మాట్లాడాడు. అక్టోబరు 1వ తేదీని సంగీత దినంగా జరుపుకోవడం 1975లో ఆయన హయాములోనే మొదలైంది. ఇంకో సంగతి - మన ఆకాశవాణికి డైరెక్టర్ జనరల్‌గా చేసిన వైణికులు నారాయణ మీనన్‌గారు కూడా ఆ మండలికి అధ్యక్షులుగా ఉన్నవారే. అంత పెద్ద గొడుగు కర్ర ఒకప్పుడు మన చేతిలోనూ ఉండేదన్నమాట!

బాన్ వదిలివచ్చే ముందురోజు మా మనవరాలు నన్ను బేతోవెన్ పుట్టిన ఇంటికి తీసుకెళ్లింది. బాన్‌గాసె అనే వీధిలో ఉందా ఇల్లు. 1770లో ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. ఆయన తొమ్మిదో సింఫొనీలోని వరసనే, మాటలు తీసేసి, ఇప్పుడు యూరప్ గీతంగా వాయిస్తున్నారు. 1972లో ఒక యూరప్ మండలి, 1985లో ఇంకో యూరప్ కూటమి దాన్ని స్వీకరించాయి. అంతటివాడు పుట్టిన ఇంటిని ఊరే కళ్లకద్దుకుని కాపాడుకుని ఉంటుందని అనుకున్నాను. కాదు! 1889 నాటికి ఆ ఇల్లు పడగొట్టేస్తారన్న స్థితి వచ్చింది. అప్పుడు ఊళ్లోని పన్నెండుమంది పౌరులు సంఘం పెట్టి, దాన్ని కొని, నిలబెట్టారు.

పన్నెండుమంది! ఆ ఇంటి మెట్ల దగ్గర నిలబడి లెక్క వేసుకున్నాను. మా సభలో ఇరవైముగ్గురం ఉన్నాం.

ఇంతవరకూ మావారు చెవి అటు తిప్పి వింటూనే ఉన్నారు. "వాళ్లకు ప్రభుత్వాలున్నాయి, డబ్బుంది, పద్ధతి ఉంది. మనకేముంది?" అన్నారు.

"మనకు తిరువయ్యారు లేదూ?" అన్నాను.

త్యాగరాజస్వామి ఆరాధన మొదటినుంచీ ఇప్పుడున్నట్టు ఒకే పందిరి కింద జరిగిందనుకుంటారు చాలామంది. అప్పట్లో పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండు వర్గాలు. స్త్రీలను పాడనివ్వకపోతే, సమాధికి గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు స్త్రీలకు వేరే వేదిక పెట్టారు. ఒక్క మహానుభావుడికి మూడు ఆరాధనలు. 1940 ప్రాంతంలో పెద్దలు కలగజేసుకుని అందరినీ ఒకచోటికి చేర్చారు. పాట మారలేదు, రాగం మారలేదు. పందిరి ఒకటైంది. ఈనాడు ఎక్కడెక్కడి తెలుగువారూ ఆ కీర్తనలు కలిసి పాడుకోగలుగుతున్నారంటే, ఆ రోజున కొందరు కోపాలు దిగమింగుకున్నందువల్లనే.

కోపాలు అన్నానా, మావారు పెట్టెవైపు చూసి మాట మార్చారు. ఎందుకో నాకు తెలుసు. పెట్టె విప్పినప్పుడు రసీదు పుస్తకాల అడుగున ఒక ఉత్తరం నా కంటబడింది.

మా ఊరికి పన్నెండు మైళ్ల దూరంలో ఇంకో సభ ఉండేది. ఎప్పుడో ఒక విద్వాంసుడి తారీఖు దగ్గర వాళ్లకూ మాకూ మాటామాటా వచ్చింది. పదకొండేళ్ల కిందట ఆ సభ కార్యదర్శిగారు మావారికి రాశారు: చెన్నపట్నం నుంచి వచ్చే విద్వాంసుల రైలుఛార్జీలు మనిద్దరం పంచుకుందాం, శనివారం మీ ఊళ్లో, ఆదివారం మా ఊళ్లో పాడించుకుందాం, ఖర్చు సగమవుతుంది. ఇంకో నాలుగు సభలు కూడా కలుస్తాయేమో అడుగుదాం అని. చక్కటి దస్తూరీ. మావారి జవాబు నకలు కూడా దానికే గుచ్చి ఉంది. రెండే వాక్యాలు. "మా సభ ఎవరి సహాయమూ లేకుండానే నడుస్తున్నది. నమస్కారములు."

ఆ సభ నాలుగేళ్ల కిందట మూతబడింది. ఆ కబురు తెలిసిననాడు మేమిద్దరమూ కాఫీ తాగుతూ, "మనం నిలబడ్డాం" అనుకున్నాం. ఇందులో నా పాలూ ఉంది. ఆ మాట మొదట అన్నది నేనే.

ఆ రెండు కాగితాలూ తీసి మావారి ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చదివారు. రెండు వాక్యాలు చదవడానికి అంతసేపు పట్టడం నేనెప్పుడూ చూడలేదు. ఏమీ అనలేదు. భోజనాలయ్యాక కాగితమూ కలమూ అడిగారు. "మహారాజశ్రీ" అని మొదలుపెట్టి, కొట్టేసి, "అన్నగారికి నమస్కారములు" అని రాశారు. ఆ పై వాక్యానికి ఒక రాత్రి పట్టింది.

ఆ అన్నగారికి ఇప్పుడు ఎనభై దాటాయి. ఉత్తరానికి జవాబు రాయలేదు. ఫోను చేశారు. పదకొండేళ్ల మాట ఒక్కటీ ఎత్తలేదు. "హాలు లేకపోతే ఏం, మీ ఇంటి వసారా లేదూ? మా సభ జంపఖానాలు రెండు నా దగ్గరే ఉన్నాయి. వచ్చేటప్పుడు తెస్తాను" అన్నారట. ఫోను పెట్టేశాక మావారు పెరట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా, మొక్కలకు నీళ్లు పోశారు.

వచ్చే ఆదివారం మా వసారాలో సమావేశం. అయిదు ఊళ్ల సభలకు కబురు వెళ్లింది. ముగ్గురు వస్తామన్నారు. ఒకరు చూస్తామన్నారు. ఒకరు పలకలేదు. ఏమేం మాట్లాడాలో మావారు ఒక చీటీ రాసుకున్నారు: రైలుఛార్జీలు పంచుకోవడం, తారీఖులు ఒకరికొకరు ముందే చెప్పుకోవడం, అందరం కలిసి ఒకే అర్జీ మీద సంతకాలు పెట్టి జిల్లా అధికారుల దగ్గరికి వెళ్లి, సెలవురోజుల్లో బడి హాలు అడగడం, ప్రతి కచేరీకీ బడిపిల్లలను ఉచితంగా రానివ్వడం. చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి, "చందా?" అని రాశారు. గొడుగు గుడ్డకు డబ్బు కావాలి గదా మరి.

ఇది నిలబడుతుందా? చెప్పలేను. మా అల్లుడు ఫోనులో, "అత్తయ్యగారూ, మొదటి సమావేశంలో తర్వాతి సమావేశానికి తారీఖు పెడతారు, చూస్తూ ఉండండి" అన్నాడు. "పెట్టనీ నాయనా, పెట్టుకోకుండానే మేము ముప్ఫయ్యొక్క ఏళ్లు చెడ్డాం" అన్నాను. మనవరాలు మాత్రం, "అమ్మమ్మా, మీ కప్పుకి ఏం పేరు పెడతారు?" అని అడిగింది. ఇంకా పేరు పెట్టలేదు. ముందు ఆదివారానికి పాలు ఎన్ని పోయించుకోవాలో తేలాలి.

మీ ఊళ్లో కూడా ఒక సభ ఉండే ఉంటుంది. దానికొక ట్రంకుపెట్టె, ఆ పెట్టె అడుగున జవాబు సరిగా రాయని ఉత్తరం ఒకటీ ఉండే ఉంటాయి. ఒకసారి విప్పి చూడండి. ఏం కనిపించిందో నాకో ఉత్తరం ముక్క రాయండి. మా ఆదివారం కబుర్లు నేనూ రాస్తాను.